వద్దనుకున్న మాటలు

"రోజంతా టింగుటింగుమంటూ ఈ మెయిళ్ళేమిటమ్మా? ఛైర్మన్ గారు ఫోను విసిరేసేలా ఉన్నారు. అన్నీ కలిపి పొద్దున్నే ఒక్కటి వచ్చేలా చూడు," అని మేనేజరు మేంగ్ గారు తన ఖాళీ కాఫీ కప్పు హేరాన్ బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఆ కప్పు కడిగి పెట్టాలని ఆయన ఏనాడూ నోటితో చెప్పలేదు.

హేరాన్ దాన్ని ఎడమచేత్తో పక్కకు జరిపింది. కుడి మణికట్టు శనివారం నుంచీ వాచి ఉంది. మెట్ల మీద జారానని ఆఫీసులో చెబితే, ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు.

సియోల్‌లో ఉన్న, అపార్టుమెంట్లు కట్టే కంపెనీ అది. ఏ ఊళ్ళో కట్టినా పేరు ఒక్కటే, బ్యోల్‌మారు. ఆ పేరు ఏ పత్రికలో వచ్చినా, ఎవరి బ్లాగులో వచ్చినా పట్టుకుని మెయిలు పంపే ఏర్పాటు ఒకటుంది. వచ్చినవన్నీ చదివి, మంచివి పైకీ చెడ్డవి మేంగ్ గారికీ చేర్చడం హేరాన్ ఉద్యోగం. ఇప్పుడు వాటిని వర్గాలుగా విడదీసి, ఒకేలాంటి వార్తలను ఒక్కటిగా మడిచి, ఛైర్మన్ గారు నిద్ర లేచేసరికి ఒకే మెయిలుగా అందించాలి. ఈ పని ఆమెకు కొత్తగా అనిపించలేదు. ఇంట్లోనూ అంతే కదా. అందరి చిరాకులూ, ఆకలీ, అత్తగారి మోకాళ్ళ నొప్పీ, మొగుడికి తన పై అధికారి మీద ఉన్న కోపమూ అన్నీ ముందు ఆమె దగ్గరికే వస్తాయి. ఆమె వడకట్టి, వేడి అన్నమూ పులుసూ చేసి బల్ల మీద పెడుతుంది. మిగిలిన మడ్డంతా ఆమెలోనే ఉండిపోతుంది.

అమ్మకాలు, షేర్ల ధర, ఛైర్మన్ గారి ఉపన్యాసాలు వరసగా అమర్చింది. నేరాలు, ప్రమాదాల దగ్గరికి వచ్చేసరికి మేంగ్ గారు వెనక నిలబడి చూస్తున్నారు.

"మొగుడూ పెళ్ళాల గొడవలు ఛైర్మన్ గారికి ఎందుకమ్మా? పొద్దున్నే మనసు పాడు. అవి రాకుండా చెయ్యి."

వద్దనుకున్న మాటలు రాసే గడి ఒకటుంది. అందులో ఏ మాట పెడితే, ఆ మాట ఉన్న వార్త కలిపిన మెయిల్లోకి రాదు. హేరాన్ ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. భర్త. భార్య. కొట్టాడు. గొంతు. అలాంటి వార్తలు ఆమెకొక్కదానికే విడిగా వస్తాయి. వాటిలో బ్యోల్‌మారు పేరుంటే విలేఖరికి ఫోన్ చేసి తీయించి, 'ఒక అపార్టుమెంటు' అని మార్పించాలి. ఆ పని ఆమె చాలాసార్లు చేసింది. గొంతు తియ్యగా ఉంటుందని మేంగ్ గారు మెచ్చుకునేవారు.

ఆమె ఉండేదీ బ్యోల్‌మారులోనే, కంపెనీ ఉద్యోగులకు కేటాయించిన ఫ్లాటులో. భర్త దోగున్ బీమా కంపెనీలో పనిచేస్తాడు. లిఫ్టులో ముసలివాళ్ళ సంచులు తనే మోసే మనిషి. కింది ఇంటావిడ ఒకసారి ఇంటర్‌కమ్‌లో మర్యాదగానే అడిగింది. "మీకు పిల్లలు కూడా లేరు కదమ్మా, ఆ దూకేది ఎవరు?" హేరాన్ క్షమించమంది. ఆవిడ ఊరుకోక భవనం ఆఫీసులో చెప్పింది. ప్రతి ఇంటి గోడకూ ఉండే స్పీకర్లో ఆ సాయంత్రమే ప్రకటన వచ్చింది, కింద ఉన్నవాళ్ళను దృష్టిలో పెట్టుకుని మెల్లగా నడవమని. ఆ సమయానికి దోగున్ ఎడమచేతికి ఆమె జుట్టు చుట్టుకుని ఉన్నాడు. ప్రకటన అయ్యేదాకా జుట్టు వదలకుండా ఓపిగ్గా విన్నాడు. అయ్యాక ఆమె తల ఫ్రిజ్జు తలుపుకేసి కొట్టాడు, ఇంతకు ముందుకంటే కొంచెం నెమ్మదిగా. పెదవి చీలి రక్తం తెల్లటి తలుపు మీద కారితే, మరక పడుతుందని ముందు అదే తుడిపించాడు.

మర్నాడు నేలంతా పరవడానికి మందపాటి పరుపు చాపలు తెచ్చాడు. "ఇంక ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నాడు. రెండో కొస హేరానే పట్టుకుంది. మూలల్లో సరిపోయేలా కత్తిరించింది కూడా ఆమే. ఆ తర్వాత ఆమె కిందపడితే చప్పుడు కాలేదు. శనివారం పులుసు చల్లారిందని ఆమె మణికట్టు వెనక్కి మెలితిప్పి, పొట్టలో మోకాలితో పొడిచి, ఊపిరందక కొట్టుకుంటుంటే పక్కన కూర్చుని ఆ పులుసే తాగాడు. అత్తగారికి చెప్పుకుంటే నవ్వింది. "వాళ్ళ నాన్నా అంతేనమ్మా. అరవై దాటాక చల్లబడ్డాడు. నువ్వు ఎదురు మాట్లాడకు, అంతే." హేరాన్‌కు ఇంకా నలభై నిండలేదు.

మంగళవారం కలిపిన మెయిలు మొదటిసారి వెళ్ళింది. ఛైర్మన్ గారు బాగుందన్నారట. మేంగ్ గారు ఆ మెప్పుతో పాటు ఇంకో కప్పు కూడా తెచ్చిపెట్టారు. అప్పుడే హేరాన్‌కు విడి వార్త ఒకటి వచ్చింది. పక్క ఊరు ఇంచియాన్‌లోని బ్యోల్‌మారులో ఒకడు భార్యను డంబెల్‌తో కొట్టి చంపాడు. ఆ ఇంట్లోంచి చప్పుళ్ళని కింది వాళ్ళు ఎన్నాళ్ళుగానో చెబుతుంటే, మెల్లగా నడవమని స్పీకర్లో ప్రకటనలు చేశారని కూడా రాశారు.

మేంగ్ గారు ఆమె భుజం మీదుగా చదివారు. "నయం, ఇంట్లోనే పోయింది. పై నుంచి దూకి ఉంటే ధరలు పడేవి. భోజనం లోపు పేరు తీయించు."

ఫోన్ ఎత్తిన విలేఖరి పేరు యూరిమ్. గొంతు బొంగురుగా ఉంది. కంపెనీ పేరు వినగానే నవ్వింది.

"మీరు నాలుగోవాళ్ళు. ఆ అపార్టుమెంటు మహిళా సంఘం ప్రెసిడెంటు ఫోన్ చేసింది, ఇళ్ళ బ్రోకరు చేశాడు, ఇంకెవరో ఫ్లాటు అమ్మకానికి పెట్టినాయన చేశాడు. అందరికీ బిల్డింగు పేరే కావాలి. ఆ మనిషి గురించి ఒక్కరూ అడగలేదు."

తను అడుగుతానని హేరాన్ అనుకోలేదు. మాట దానంతటదే వచ్చింది. "ఆవిడ... బయటపడాలని చూడలేదా?"

"బయటపడింది. పది రోజులు అక్క దగ్గరుంది. చలి ముదిరిందని కోటు తెచ్చుకుందామని వెళ్ళింది. అతను డ్యూటీకి వెళ్ళే టైము చూసుకునే వెళ్ళింది. తలుపు తీసేసరికి లోపల ఉన్నాడు."

హేరాన్ కళ్ళు మూసుకుంది. కొన్నాళ్ళుగా ఆమె మనసులోనూ ఒక లెక్క ఉంది. దోగున్ లేని పూట చూసి ఇంట్లోంచి ఒక్కొక్కటే బయటికి తెచ్చుకోవాలి. అమ్మ ఇచ్చిన వెండి చెంచాలు, సర్టిఫికెట్లు, బూట్లు. అన్నీ చేరాక వెళ్ళాలి. ఆ లెక్క ఎంత తెలివైనదని తనలో తాను మురిసిపోయేది. ఇంచియాన్ ఆవిడా ఇలాగే మురిసిపోయి ఉంటుంది.

"హలో? ఉన్నారా? పేరు తీసెయ్యమంటారు, అంతేనా?"

"వద్దు, ఉంచండి," అని పెట్టేసింది.

ఆ తర్వాత వద్దనుకున్న మాటలన్నీ గడిలోంచి తుడిచేసింది. నేరాల వర్గాన్ని అన్నిటికంటే పైకి లాగింది. రేపు పొద్దున ఛైర్మన్ గారు మొదట చదివేది ఇంచియాన్ ఇంటి వార్తే. తన ఉద్యోగం ఆ మధ్యాహ్నానికే పోతుంది. ఆ సంగతి ఆమెకు బొత్తిగా వేరెవరిదో అనిపించింది. ఫోన్లో దోగున్ మెసేజీ వెలిగింది, రాత్రికి చేప వండమని. సంచీ భుజాన వేసుకుని మెట్ల దారిలోకి వెళ్ళి, తలుపు మూసి, పోలీసులకు ఫోన్ చేసింది. నా భర్త నన్ను కొడతాడు, నేను ఇంటికి వెళ్ళను, ఉండడానికి చోటు కావాలి అని మూడు ముక్కలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

అవతల ఆడమనిషి గొంతు కంగారుగా అడిగింది. "ఇప్పుడు కొడుతున్నాడా అమ్మా? ఇప్పుడు మీ పక్కనే ఉన్నాడా?"

"లేడండీ," అంది హేరాన్. "లేడు కాబట్టే చెప్పగలుగుతున్నాను."