నశ్యం డబ్బుల ఉలి

జానకిరామయ్య పంతులు చుట్ట మానేశాడు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసే వీలు కూడా లేదు, ఆయన చుట్ట కాలుస్తాడన్న సంగతే ఎవరికీ తెలియదు గనక. ఏ మనిషైనా ఓ చెడ్డ అలవాటు మానుకుంటే నలుగురూ భేష్ అంటారు. పాపం, ఆయన ఆ భేష్‌కి కూడా నోచుకోలేదు.

ఇంట్లో లెక్క ప్రకారం ఆయనది నశ్యం. నశ్యం పండితుల వ్యసనం, దానికో పరువుంది. బడిపంతులు జీతం మొత్తం భార్య దుర్గాంబ కొంగున ముడేసుకుని, నశ్యానికని కొంత విడదీసి ఆయన చేతిలో పెట్టేది. ఆయన ఆదివారం పూట పెదకాకాని నడిచి వెళ్ళి, మల్లేశ్వరస్వామికి భక్తిగా దణ్ణం పెట్టుకుని, అంతే భక్తిగా ఓ చుట్టల కట్ట కొనుక్కుని, ఊరి బయట రోడ్డు కిందున్న తూము రాళ్ళ సందులో దాచుకునేవాడు. వచ్చిన చిక్కల్లా అగ్గిపెట్టెతోనే. అది చొక్కా జేబులో కనిపించిందంటే దుర్గాంబ ముందు ఇక నోరెత్తే పని లేదు. అందుకని నిప్పు ఆదాం తెచ్చేవాడు.

ఆదాం దూది ఏకేవాడు. మనిషి కన్నా భుజం మీది దూదేకే విల్లు పొడుగు. పగలంతా ఇళ్ళ వెంట తిరిగి పరుపుల్లో దూది ఏకి, పొద్దు వాలే వేళకి తూము దగ్గరికి వచ్చేవాడు. వస్తూనే ఒంటి మీది దూదిపోగులు దులుపుకుని, విల్లు ఎడంగా ఆనించి, పుల్ల గీసేవాడు. చుట్టూ నల్లరేగడి. గాలికి చెట్టూ చేమా అడ్డం లేని నేల. పుల్ల ఆరకుండా ఉండాలంటే ఇద్దరూ దగ్గరికి జరిగి నాలుగు చేతులూ దడి కట్టాలి. ఆదాం ఇచ్చిన మంచినీళ్ళు జానకిరామయ్య తాగడు. ఆదాం ఇవ్వడు కూడా. అయితే నిప్పుకు మైల లేదు గదా! పదకొండేళ్ళుగా ఆ ఇద్దరి స్నేహానికి శాస్త్రం ఒప్పుకున్న సందు అదొక్కటే.

చుట్ట అంటుకున్నాక మాటలు అంటుకునేవి. ఎదురుగా పత్తిచేలు పగిలి తెల్లగా విచ్చుకుని, చీకటి పడుతున్నా ఇంకా వెలుగు మిగుల్చుకుని ఉండేవి. ఎక్కడో కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలిలో సన్నగా తేలుతూ వచ్చేది. ఆ పొగలో జానకిరామయ్య వేలితో బొమ్మలు గీసేవాడు. ఇదిగో ఇది కుర్చీ, కూచుంటే కిర్రుమనదు. ఇదిగో వ్యాసపీఠం, దీని మీద భారతం పెడితే పుటలు వాటంతటవే తిరుగుతాయి. ఆయనకి చిన్నప్పణ్ణించీ కర్ర అంటే పిచ్చి. ఎనిమిదో ఏట వడ్రంగి పెరట్లో బాడిస పట్టుకుని కూర్చుంటే తండ్రి చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చాడు. ఆ చెవి నొప్పి పోయింది గానీ పిచ్చి పోలేదు. ఆదాం బీడీ పీలుస్తూ అన్నీ వినేవాడు. ఆ కుర్చీకి చేతులుంటాయా పంతులుగారూ అని అడిగేవాడు. ఉంటాయని చెబితే తృప్తిగా తలాడించేవాడు. పొగ చెదిరిపోతే కుర్చీ కూడా పోయేది. మర్నాడు మళ్ళీ కొత్తగా చేసుకునేవాళ్ళు.

కొత్త పైసలు వచ్చిన ఏడు మార్గశిరంలో, జీతం బిల్లు పని మీద గుంటూరు వెళ్ళిన జానకిరామయ్య పట్నంబజారులో ఓ ఇనుప సామాన్ల కొట్టు ముందు ఆగిపోయాడు. గుమ్మం దగ్గర నూనె కాగితంలో సగం చుట్టిన ఉలి ఉంది. కొట్టువాడు ఎగాదిగా చూసి, పెన్నులూ కాగితాలూ పక్క కొట్టులో దొరుకుతాయన్నాడు. ఆయన వినలేదు. ఉలి చేతిలోకి తీసుకున్నాడు. దాని అంచు మీద ఆకాశం సన్నగా, నీలంగా మెరిసింది. యాభై దాటిన మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే ఎవరైనా నవ్వుతారు, కానీ తిరిగాయి. ధర అడిగాడు. ఆయనదంటూ లోకంలో ఉన్న డబ్బు చుట్టల డబ్బొక్కటే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెదకాకాని రాకముందే చుట్ట మాని ఆ డబ్బుతో ఉలి కొంటానని ఒట్టు పెట్టుకున్నాడు.

మొదటి వారం ఆయన పాట్లు పగవాడికి కూడా వద్దు. నోరు ఎండిపోయేది, చేతులు ఏదో పారేసుకున్నట్టు వెతుక్కునేవి, పిల్లల పేర్లు మర్చిపోయేవాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఎవరికీ చెప్పుకోలేడు. మధ్యాహ్నం బళ్ళో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే కుర్చీలోనే కళ్ళు మూతలు పడేవి. ఆ వల్లింపే రంపపు కోత అయిపోయేది. పదమూడు రెళ్ళు ఇరవయ్యారు, ముందుకో లాగు, వెనక్కో లాగు. కలలో పత్తిచేలన్నీ చిత్రిక పొట్టుతో నిండి ఉండేవి. ఆయన మోకాటి లోతు పొట్టులో నడుస్తూ ఉంటే, చేను అవతలి గట్టున ఆదాం విల్లు భుజాన పెట్టుకుని ఏదో అంటున్నట్టు పెదాలు కదిపేవాడు. ఎంత నడిచినా ఆ మాట వినిపించేది కాదు.

తూము వైపు మాత్రం వెళ్ళలేదు. మొదట్లో భయం, ఆదాం బీడీ వాసన తగిలితే ఒట్టు గట్టున పెట్టేస్తానని. పది రోజులు పోయాక సిగ్గు. ఇన్నాళ్ళూ ఏమయ్యారంటే ఏం చెప్పాలి? అదీ పోయాక అసలు చిక్కు ఎదురైంది. నిప్పు అక్కర్లేని పంతులు దూదేకే మనిషి పక్కన పొద్దుగూకేదాకా ఎందుకు కూర్చుంటాడు? దారిన పోయేవాళ్ళు అడిగితే సరే, తనకి తాను ఏమని చెప్పుకుంటాడు? దానికి ఆయన దగ్గర పేరు లేదు. ఉలి కొన్నాక చూపిస్తాననుకున్నాడు. ఉలి వచ్చింది. చిత్రిక కూడా కొని చూపిస్తాననుకున్నాడు. అదీ వచ్చింది, దాని వెనకే చిన్న రంపం, కొయ్య కొడతి. ఆదాం దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

పనిముట్లన్నీ అటక మీద పాత పంచాంగాల కింద పడుకునేవి. దుర్గాంబ పురాణానికి వెళ్ళిన ఆదివారం మధ్యాహ్నాలు ఆయన గొడ్ల సావిట్లో వేపచెక్కకి చిత్రిక పట్టేవాడు. ఎండ సావిడి తాటాకుల్లోంచి చుక్కలు చుక్కలుగా దిగేది. పొట్టు మెత్తగా చుట్టలు చుట్టుకుంటూ లేచి పాదాల మీద పడేది. మానేసిన చుట్టలన్నీ ఇలా మళ్ళీ పుడుతున్నాయా అని తనలో తనే నవ్వుకునేవాడు. నవ్వి పక్కకి చూసేవాడు. పక్కన గేదె తప్ప ఎవరూ లేరు. పదకొండేళ్ళు పొగలో చేసిన కుర్చీలన్నిటినీ మెచ్చుకున్న మనిషి, నిజంగా చెక్క నునుపు తేలిన రోజున లేడు. ఆయనకి ఆదాం మీద బెంగ పెట్టుకుంది. బెంగ అనే మాట తప్ప దానికి ఇంకో మాట లేదు.

ఫాల్గుణంలో దుర్గాంబ పరుపుల్లో దూది గడ్డకట్టిందని ఆదాంకి కబురు పంపింది.

అతను వచ్చాడు. జానకిరామయ్య అరుగు మీద ఉన్నాడు. నలుగురిలో ఉండాల్సిన తీరునే ఉన్నారు ఇద్దరూ. ఏమోయ్ అని ఈయన, దణ్ణాలండీ అని అతను. పెరట్లో పట్టా పరిచి, దూది గుట్ట పోసుకుని, విల్లు తాడుతో వేలాడదీసి, ఆదాం కర్రగుండుతో విల్లు నరం మీద కొట్టడం మొదలుపెట్టాడు. టంయ్, టంయ్ అని పెరడంతా మోగింది. గడ్డకట్టిన దూది విడిపోయి, పొరలు పొరలుగా లేచి, గాలిలో నిలిచి, నెమ్మదిగా వాలుతోంది. ఎండలో తెల్లటి మంచు. ఆ మంచులో ఆదాం మొహం ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి లేదు. జానకిరామయ్యకి బళ్ళో కల మళ్ళీ వచ్చినట్టయింది. తెలియకుండానే లేచి దగ్గరికి నడిచాడు.

ఆదాం చెయ్యి ఆగింది. తల ఎత్తకుండా, చిన్నగా అడిగాడు.

"నిప్పు ఇంకెక్కడన్నా దొరుకుతుందాండీ పంతులుగారూ?"

మూణ్ణెల్లు ఆ మనిషి ఏం అనుకుని ఉంటాడో జానకిరామయ్యకి ఒక్కసారిగా తెలిసింది. వేరే తూము, వేరే అగ్గిపుల్ల, వేరే చేతులు. చెప్పాలని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే దుర్గాంబ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, నిప్పు గొడవేమిటని అడిగింది. పంతులు నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది.

"ఏం నిప్పోయ్? ఏమంటున్నావ్ నువ్వు?"

ఆదాం తల ఎత్తి ఆయన్ని చూశాడు. కర్రగుండు పైకెత్తి, దూది మీద కోపమున్నట్టు, ఎప్పుడూ కొట్టనంత గట్టిగా కొట్టాడు. ఫెళ్ళున చప్పుడైంది. నరం దన్ను కాసే చెక్క, విల్లు కొసనున్నది, నిలువునా చీలింది. నరం వదులై నేలకి జారింది. దూది మాత్రం ఇంకా గాలిలోనే ఉంది.

ఊరి వడ్రంగి బండ్ల పని మీద పొన్నూరు వెళ్ళి వారమైంది. దూది పని ఎక్కువగా పడేది ఈ రెండు నెలల్లోనే. ఆదాం చీలిన చెక్కని రెండు చేతులతో దగ్గరికి నొక్కి పట్టుకుని కూర్చున్నాడు, అతుక్కుంటుందేమోనన్నట్టు. ఆ చేతులు చూస్తూ జానకిరామయ్య ఇక నిలవలేకపోయాడు. తన నోటిని తాను అసహ్యించుకున్నాడు. గబగబా లోపలికి వెళ్ళి అటకెక్కాడు. ఇరవయ్యేళ్ళ పంచాంగాలు దుమ్ముతో సహా నెత్తిన పడ్డాయి. మూట తెచ్చి పట్టా మీద, దుర్గాంబ కళ్ళెదుటే విప్పాడు. ఉలి, చిత్రిక, రంపం, కొడతి.

"చుట్ట మానేశాను ఆదాం," అన్నాడు. "నువ్విచ్చిన నిప్పుతో పదకొండేళ్ళు కాల్చాను. ఇంకెవరి దగ్గరా పుచ్చుకోలేదు. ఆ డబ్బులే ఇవి."

దుర్గాంబ నోట మాట రాలేదనుకుంటే పొరపాటు. ఆవిడ మెట్టు దిగి వచ్చి పనిముట్లని ఒక్కొక్కటే చూసింది.

"చుట్ట సంగతి నాకు తెలియదనుకున్నారా? ఉత్తరీయం ఉతికేది ఎవరు? మూణ్ణెల్ల బట్టీ వాసన రావడం లేదని, మీకు ఒంట్లో ఏం వచ్చిందోనని మల్లేశ్వరుడికి మొక్కుకున్నాను." కొడతి ఎత్తి చూసి పట్టా మీద పడేసింది. "ఆ చుట్టే కాల్చుకోండి బాబూ. దాన్నయితే పదకొండేళ్ళు దాచాను. ఈ కొడతి చప్పుడు నేనెక్కడ దాచను?"

"దాచొద్దు," అన్నాడాయన.

అని, వ్యాసపీఠానికని నునుపు చేసుకున్న వేపచెక్క తెచ్చి రంపం పెట్టాడు. ఆదాం వద్దు వద్దంటూనే పాత చెక్క కొలత చూపించాడు, చెక్క కదలకుండా కాలు వేసి తొక్కిపట్టాడు. పంతులు ఉలి పెట్టి కొడతితో కొడుతుంటే పక్కింటి కోటిరత్నం గోడ మీంచి తొంగి చూసి, మొహం తిప్పుకుని, మళ్ళీ చూసింది. చూడనీ. బొటనవేలు తెగింది. రెండుసార్లు చెక్క పాడైంది. పొద్దు బాగా వాలాక మూడోది కుదిరింది. సొగసుగా ఏం లేదు, ఒక పక్క వంకర కూడా ఉంది. ఆదాం దాన్ని విల్లుకి బిగించి, నరం ఎక్కించి, ఒక్కసారి మీటాడు. మోత ముందుకన్నా కాస్త బొంగురుగా వచ్చింది. అతను చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి మీటి, ఇదే బాగుందన్నాడు. మిగిలిన దూది ఆ బొంగురు మోత మీదే ఏకాడు.

పరుపులు కుట్టడానికి మర్నాడు వస్తానని, ఆదాం విల్లు భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"అయితే ఇక తూము దగ్గరికి రారన్నమాట."

"వస్తాను."

"నిప్పు అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"మరెందుకండీ?"

వ్యాకరణం చెప్పే నోరు వెతుక్కుంది. గుమ్మంలో దుర్గాంబ, గోడ మీద కోటిరత్నం, ఇద్దరూ వింటున్నారు.

"ఊరికే," అన్నాడు జానకిరామయ్య.

ఆదాం విల్లు భుజం మార్చుకున్నాడు. మూణ్ణెల్ల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"నేను మాత్రం ఎందుకొచ్చానండీ?" అన్నాడు. "మా ఇల్లు పడమటి పేటలో గదా. తూము తూర్పున."

ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడో అందరికీ తెలుసు. జానకిరామయ్యకీ తెలుసు. ఆదాం ఇంటికి పోతూ దారిలో ఆగుతున్నాడనే పదకొండేళ్ళూ అనుకున్నాడు. పగలంతా విల్లు మోసిన మనిషి, రోజూ సొంత ఇల్లు దాటి, ఊరు దాటి, అంత దూరం తన కోసమే నడిచి వచ్చి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడిచి వెళ్ళాడని ఒక్కనాడూ తోచలేదు.

ఆయన చెప్పులేసుకుని పెరటి తలుపు తీశాడు. ఇవ్వాళ నేనే మీ ఇంటిదాకా వస్తాను, పద, అన్నాడు.