లేవని రాసిన కాగితం

డాక్టరు ఇచ్చిన చిన్న గాజుసీసాను పంచె మడతలో దాచుకుని ఓబులేసు ఆసుపత్రి వెనకనున్న మరుగుదొడ్డిలోకి వెళ్లి పావుగంట దాటింది. రోహిణి ఎండకు వరండా రేకులు కాలిపోతున్నాయి. పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కింది మొదలు నంద్యాల చేరేలోగా కృష్ణమ్మకు మూడు వాంతులయ్యాయి, ఇక్కడికొచ్చాక నాలుగోది. కొంగుతో మూతి తుడుచుకుని ఆమె ఆ తలుపు వైపే చూస్తోంది. కాపురం నిలిచేదీ కూలేదీ ఆ సీసాలో తేలుతుందని ఊరు తీర్పు చెప్పింది. కృష్ణమ్మకు మూడో నెల. మొగుడికి కుటుంబ నియంత్రణ ఆపరేషను జరిగింది మొన్న కనుమకు పది దినాల ముందు. మరి ఈ కడుపు ఎవరిదని ఊరి ప్రశ్న.

ఆ ఆపరేషను ఓబులేసు కోరి చేయించుకున్నది కాదు. అతను కూలికి పోయే ఆసామి తుపాకీ లైసెన్సు తిరగరాయించుకోవాలంటే ఇద్దరు మగవాళ్లను ఆపరేషనుకు తెచ్చి చూపించాలన్నారు ఆఫీసర్లు. ఎమర్జెన్సీ రోజులు, కాదంటే వినే నాథుడు లేడు. ఆసామి తన ఇంట్లో మగవాళ్లను వదిలేసి, రోజుకు మూడు రూపాయల కూలికి వచ్చే ఇద్దరిని ఎడ్లబండిలో ఎక్కించి ఆళ్లగడ్డకు తోలాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, జొన్న గింజ ధర రోజురోజుకూ పైకే. కృష్ణమ్మ కూడా పోనీలే, మంచిదే అనుకుంది.

పత్తి మిల్లు షెడ్డులో నాలుగు బల్లలు వేసి ఆ రోజు అరవై మందికి కోశారు. కోతకు ముందు ఏమి చేస్తారో, తర్వాత ఏమవుతుందో చెప్పిన వాళ్లు లేరు. మగతనం పోతుందా, బరువు మోయగలనా అని లోలోపల వణికిపోతూ ఓబులేసు బల్ల ఎక్కాడు. దిగాక, కట్టు కట్టిన మనిషి డెబ్బై అయిదు రూపాయలు, ఒక పంచె, నాలుగు నిరోధ్ పొట్లాలు చేతిలో పెట్టి, "కొన్నాళ్లు ఇవి వాడు, మళ్లొచ్చి పరీక్ష చేయించుకో" అన్నాడు.

"ఇవి నాకెందుకు సారూ, నేను నరసింహస్వామి పల్లకి బోయీని. కనుమ కాన్నుంచి నలభై దినాలు పార్వేట. ఊరూరా సామిని మోస్తాము. దీక్షలో ఆడమనిషి పక్కకు గూడా పోము. నలభై దినాలు సాల్దా?"

"సాలు, సాలు. తొందరగా జరుగు, ఎనకాల జనం నిలబడుకోనుండారు" అన్నాడా మనిషి.

నలభై దినాలు దూరంగా ఉంటే చాలనుకోవడం పల్లకి మోసే వాళ్లు తప్ప ఇంకొకరు చేయని పొరపాటు. దీక్షలో ఉంటే ఒంట్లో చెడ్డదంతా పోతుందని తాతల నాటి నమ్మకం. ఆపరేషను తాలూకు మిగులు కూడా దాంతోపాటే పోతుందని ఓబులేసు అనుకున్నాడు. పొట్లాలు పిల్లల చేతికిస్తే వాళ్లు బుడగలు ఊదుకున్నారు. పదో రోజుకు, కుట్ల చోట వాపు ఇంకా తగ్గకముందే, పల్లకి బొంగు భుజానికెత్తుకున్నాడు. నొప్పి సంగతి ఒక్కడికీ చెప్పలేదు. నలభై దినాలు నియమం తప్పలేదు. ఇంటికొచ్చి దీక్ష విడిచాడు.

నెల తప్పిన సంగతి మొదట పసిగట్టింది అత్త గోవిందమ్మ. ఆ పార్వేట రోజుల్లో కృష్ణమ్మ రూపాయిన్నర కూలికి పక్కూరి మిరపకోతలకు పోయింది. పోయేటప్పుడు పట్టించుకోని ఊరు ఇప్పుడు ఏ బండిలో పోయింది, ఎవరి పక్కన కూర్చుంది అని ఆరా తీసింది. ఓబులేసు ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఎనిమిది రోజులుగా ఆమె వండిన అన్నం మాత్రం ముట్టలేదు. కొట్టినా అంత నొచ్చేది కాదు కృష్ణమ్మకు.

డాక్టరు శేషాద్రి సీసాలోది సూక్ష్మదర్శిని కింద చూసి, తల ఎత్తి ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. ముసలాయన, విసుగు మనిషి, కానీ చెడ్డవాడు కాదు.

"నీ ఆపరేషను బాగానే పనిచేసింది. దీంట్లో విత్తనం ఒక్కటి కూడా లేదు" అన్నాడు.

కృష్ణమ్మ గోడ పట్టుకుంది. ఓబులేసు ఆమె వైపు చూడలేదు.

"సామీ, ఇది మూడో నెల. నా బిడ్డల మీద ఒట్టు, నేను ఏ తప్పూ చేయలేదు" అంది.

డాక్టరు కళ్లద్దాలు తీసి ఓబులేసును అడిగాడు: "కోసినాక ఎన్నాళ్లకు కలిసినావు?"

"దీక్ష దిగినాక. యాభై దినాలయింటాది."

"ఆ యాభై దినాల్లో ఒక్కసారి కూడా...?"

"సామి పల్లకి మోసేవాన్ని సారూ! ఎట్లడుగుతారా మాట?"

"అదే పొరపాటయ్యా. కాలువ తూము మూసినంత మాత్రాన తూముకు ఈవల నిలిచిన నీళ్లు మాయమైపోతాయా? పారించి ఖాళీ చేయాల. కోసేది పైన. కోతకు ఈవల ఉన్న విత్తనం అట్లే నిలిచి ఉంటుంది. మూడు నెలలపాటు, ఇరవై సార్లకు తగ్గకుండా బయటికి పోయినాక పరీక్ష చేయాల. లేవు అని తేలిందాకా జాగ్రత్త పడాల. నువ్వు దూరంగా ఉండి దాన్ని దాచిపెట్టినావు. ఇంటికొచ్చి ఆమెకిచ్చినావు, ఆ తర్వాత ఖాళీ అయింది గనక ఈ రోజు కనపడలేదు. ఇదంతా నీకు కోతకు ముందే చెప్పుండాల. కోస్తే మళ్లీ అతికించడం కష్టమనీ, బలమూ మగతనమూ పోవనీ, వారం దినాలు బరువులెత్తొద్దనీ చెప్పుండాల. చెప్పినారా?"

"ఎవురూ చెప్పల్యా సారూ."

"చెప్పరు. వాళ్లకు కావాల్సింది లెక్క."

కృష్ణమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. "అట్లయితే ఆ మాటే కాయితం మీద రాసియ్యండి సామీ. అప్పుడు ఉన్నింటాయి, ఇప్పుడు పోయినాయి అని."

డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఈ రోజు కంటితో చూసిందే రాయగలనమ్మా. అప్పటిది నేను చూడలేదు. పైగా ఆ క్యాంపుల గొడవలో నా సంతకం ఎందుకు? మీ ఊరోళ్లకు ఇప్పుడు నేను చెప్పింది చెప్పండి, చాలు." ఆయన రాసిచ్చిన కాగితం మీద ఒకే ముక్క ఉంది. విత్తనం లేదు.

చదువుకున్న మంచితనం ఇక్కడిదాకే వస్తుంది. ఆ ముసలాయన అబద్ధం రాయలేదు, నిజం చెప్పాడు కూడా. కానీ ఊరు నమ్మేది కాగితాన్ని.

తిరుగు బస్సులో ఓబులేసు మొదటిసారి నోరు విప్పాడు. "దీన్ని చించేస్తా."

"చించితే దాచినారంటారు. నువ్వు సారు చెప్పిందంతా పెద్దోళ్లకు చెప్పు. నాకింకేం వద్దు."

"ఇరవై సార్లనీ, బయటికి పోవాలనీ... అవన్నీ నరసింహులు పెదనాయన ముందర ఎట్ల చెప్పేది? నాకు సిగ్గుండొద్దా?"

"నాకు సిగ్గు లేదనుకుంటాండావా? ఎనిమిది దినాల నుంచి ఊరంతా నా కడుపు దిక్కే చూస్తాంది. నీకు నమ్మకం కుదిరిందా లేదా, అది చెప్పు ముందు."

అతను కిటికీ బయటికి చూశాడు. "కుదిరింది" అన్నాడు. ఆ ఒక్క మాటకు కృష్ణమ్మకు కన్నీళ్లొచ్చాయి. ఆ మాట బస్సులో అంటే చాలదని కూడా ఆమెకు తెలుసు.

వాళ్లు ఊరు చేరేసరికి కృష్ణమ్మ రేకుపెట్టె వాకిట్లో ఉంది. అత్త ముందే బయట పడేసింది. చిన్నపిల్ల ఆ పెట్టె మీదే కూర్చుని ముక్కు చీదుతోంది. బోయీల పెద్ద నరసింహులు మంచం మీద, మిగిలిన వాళ్లు నేల మీద కూర్చున్నారు. కాగితం చదవడానికి బడిపంతులును కూడా పిలిపించారు.

పంతులు చదివాడు. "విత్తనం లేదని రాశాడు."

"ఇంగేముంది!" గోవిందమ్మ నెత్తి కొట్టుకుంది. "నా కొడుకు సామి సేవలో ఉంటే ఇది యాడికో పోయింది."

"ఓబులేసూ, ఏందప్పా ఇది? డాక్టరు ఇంకేమన్నా చెప్పినాడా?" అన్నాడు నరసింహులు.

ఓబులేసు నోరు తెరిచాడు. చుట్టూ అన్నదమ్ములు, మామలు, రేపు తనతో కలిసి పల్లకి మోసేవాళ్లు. తల దించుకున్నాడు.

అతను చెప్పడని కృష్ణమ్మకు అర్థమయింది. ఆ క్షణంలో ఆమెకు ఊరి మీద కంటే మొగుడి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"నేను చెప్తా మామా" అంది. ఆ ఊళ్లో ఆడది పెద్దల ముందు అలా మాట్లాడిన రోజు లేదు. కోత సంగతి, కోసినా మిగిలే విత్తనం సంగతి, మూడు నెలల సంగతి, ఇరవై సార్ల సంగతి, అన్నీ చెప్పింది. "దీక్షలో దూరంగా ఉన్నందుకే అది ఖాళీ కాల్యా. పల్లకి దించొచ్చినాక నాకు కడుపొచ్చింది. సారు చెప్పినాడు. ఈయనా ఇన్యాడు."

కొందరు చెవులు మూసుకున్నారు. ఒకడు ఉమ్మేశాడు.

"సామి దీక్షనే తప్పంటాండాదే!" అన్నాడు నరసింహులు. "సరే. రేపు తానం చేసి తడిగుడ్డలతో సామి ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్. అప్పుడు నమ్ముతాము."

"చెయ్యను."

"ఏందీ?"

"నేను చెయ్యను మామా. కోతకు బండెక్కిచ్చినప్పుడు ఆసామిని ప్రమాణం అడిగినారా? నలభై దినాలు సాలన్నోన్ని అడిగినారా? ఈయన్ని అడుగుతాండారా? తప్పు చేసినోళ్లంతా మంచాల మీద కూకోనుండారు. ప్రమాణం నేనెందుకు చెయ్యాల?"

చిన్నపిల్లను దించి, రేకుపెట్టెను చంకకెత్తుకుంది. గోవిందమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. "లెయ్ అత్తా. నా ఇల్లు ఇది. ఈ గోడలకు మట్టి మోసింది నేను" అంది. ముసలిదానికి ఏమి తోచిందో, కాలు పక్కకు ముడుచుకుంది. కృష్ణమ్మ లోపలికి పోయింది. పిల్లలు ముగ్గురూ వెనకే పోయారు.

నరసింహులు మంచం దిగాడు. "ఓబులేసూ, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే వచ్చే పార్వేటకు నీకు బొంగు లేదు. నీ కొడుక్కూ లేదు. ఇప్పుడే చెప్పు, ఏం చేస్తావో."

ఇంట్లో కంప పుల్లలు విరిచిన చప్పుడయింది. పైకప్పు సందుల్లోంచి పొగ లేచింది. కాసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది. ఏడుపు లేదు అందులో.

"సంగటి అయితాంది. తినేటట్లుంటే లోపలికి రా. లేకుంటే ఆడ్నే నిలబడుకో."