వదిన తెడ్డు

"ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఆ తెడ్డు కాస్త చూడు. శనివారం మా ఆఫీసువాళ్ళు సరస్సు మీదకి వెళ్తారట," అన్నారు ఆయన బూట్లు తొడుక్కుంటూ. నేను అప్పుడే మూడు గదులు ఊడ్చి, అత్తయ్యకి స్నానం చేయించి, నా ఉద్యోగం చేసుకోడానికి కంప్యూటర్ తెరవబోతున్నాను. ఖాళీ అంటే అదే.

తెడ్డు షెడ్డులో గోడకి ఆనించి ఉంది. నాలుగేళ్ళుగా ఆ మూలకేసి చూడకుండానే అక్కడ బట్టలు ఆరేస్తున్నాను. అది వదినది, ఆయన అక్కది. పెళ్ళి వద్దనుకుని ఈ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. తెల్లారగానే తన కయాక్ పడవని సరస్సుకి లాక్కుంటూ వెళ్ళి, ఎనిమిదింటికల్లా తడిజుట్టుతో వచ్చి నా చేతిలో కాఫీ లాక్కునేది. ఒకరోజు రాలేదు. ముందు తిరగబడ్డ కయాక్ దొరికింది, తర్వాత వదిన, ఆ తర్వాత రెండు ముక్కలైన తెడ్డు. ఎవరో విరిగిన తెడ్డు రెక్కని మళ్ళీ పిడి గొట్టంలో దూర్చి, టేపు చుట్టి ఇక్కడ పెట్టారు.

"మొండిది. గాలిగా ఉందే అంటే విందా?" అని అత్తయ్య ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది. ఏడవడం మానేసింది గానీ తిట్టడం మానలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆయన ఒకే మాట అన్నారు: "రెండ్రోజుల ముందే నేనే జిగురుపెట్టి బిగించాను. ఆ గాలికి ఏది ఆగుతుంది?"

తెడ్డు పట్టుకోగానే, గొట్టం మీద వదిన బొటనవేలు అరగదీసిన చోట నా వేలు సరిగ్గా కూర్చుంది. వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూశాను. తడి తువ్వాళ్ళు, అంతే.

మా నాన్న వడ్రంగి. కొత్త జిగురు పట్టాలంటే పాతది గీకెయ్యాలని నాకు చిన్నప్పుడే తెలుసు. టేపు విప్పి రెక్క లాగాను. ఎప్పుడో కంపెనీవాళ్ళు పెట్టిన జిగురు పొడిపొడిగా రాలింది. దానిమీద కొత్తది పెట్టిన జాడే లేదు. అరలో వెతికాను. వదిన కొనితెచ్చి ఆయనకిచ్చిన రెండు జిగురు ట్యూబులూ అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి. మూతుల సీలు కూడా తెగలేదు.

పోవడానికి ముందు వారమంతా వదిన అడుగుతూనే ఉంది. "తెడ్డు ఆడుతోందిరా తమ్ముడూ." "రేపు చూస్తాలే అక్కా." చివరికి వంటింట్లోకొచ్చి నన్నడిగింది.

"నీకు వచ్చు కదా, నువ్వు చూడకూడదూ?"

"ఆయన చేస్తానన్నారుగా వదినా. నేను ముట్టుకుంటే చిన్నబుచ్చుకుంటారు," అన్నాను, పొయ్యి మీంచి కళ్ళు తిప్పకుండా.

వదిన నవ్వి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

షెడ్డులో నా ఫోన్ మోగింది. "అయిందా?" అన్నారు ఆయన.

"లేదు. చెయ్యను," అని పెట్టేశాను.

రెండు ముక్కలూ, సీలు తెగని ట్యూబులూ తీసుకెళ్ళి, కిటికీ దగ్గర కూర్చున్న అత్తయ్య ఒళ్ళో పెట్టాను.

"ఇప్పుడివెందుకే? ఆ మొండిదాని..."

"వదిన మొండితనం కాదు అత్తయ్యా. తెడ్డు వదులైందని తను అడుగుతూనే ఉంది. బాగుచెయ్యనిది మీ అబ్బాయీ, నేనూ."