మూడో డబ్బా

నేను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాను. ఎర్ర మూత, ఆ మూతకే అతికిన బుల్లి చెంచా. పచ్చడికో పంచదారకో అనుకునేరు, మల పరీక్షకు. ముక్కు మూసుకోకండి. నా కథ చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ప్లాస్టిక్ గింజలు కరిగించి నన్ను పోతపోశారు. అక్కణ్ణించి విశాఖలో ఒక ల్యాబుకు చేరాను. హైమావతి అక్కడ ముప్పై ఏళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి. ఒక ఉదయం ఆమె నన్ను నూకరాజు చేతిలో పెట్టింది.

నూకరాజు సరుకు ఓడలో వంటవాడు. దేశదేశాల రేవులు చూసినవాడు. రెండు నెలలుగా కడుపుబ్బరం, నీళ్ల విరేచనాలు. సగం మనిషై సెలవు మీద ఇంటికొచ్చాడు. ఓడలో మరో ఇద్దరికీ అదే బాధ. నీ వంట వల్లే అన్నారట తోటివాళ్లు. రోగం కన్నా ఆ మాటే అతన్ని ఎక్కువ తినేసింది.

"ఏటమ్మా, రెండుపాలి సూసి ఏటీ నేదన్నారు. మల్లీ ఎందుకు?"

"కొన్ని క్రిములు రోజూ బయటపడవు నాయనా. ఇంకొక్కసారి తీసుకురా."

మర్నాడు నన్ను మూడు పొరల కాగితంలో చుట్టి మిఠాయి పొట్లంలా పట్టుకొచ్చాడు. మనుషులు చిత్రమైనవాళ్లు. తినేదాన్ని ఫొటో తీసి ఊరంతా చూపిస్తారు, ఆ తర్వాతిదాన్ని తమది కానట్టు దాస్తారు.

హైమావతి నాలోంచి ఆవగింజంత తీసి, గాజుపలక మీద అయొడిన్ చుక్కతో కలిపి చాలాసేపు చూసింది.

"దొరికావే!" అంది. జియార్డియా అనే పరాన్నజీవి. నాకు ముందు వెళ్లిన రెండు డబ్బాలకూ దక్కని గౌరవం నాకు దక్కింది!

"కాచని నీళ్లు ఎక్కడైనా తాగావా?" అని నూకరాజును అడిగింది.

ఒక రేవులో దిగినప్పుడు ఎండకు తాళలేక వీధి కుళాయి నీళ్లు తాగాడట. "అయితే నా వంట కాదన్నమాట!" అతని ముఖం వెలిగింది. అంతలోనే వాడిపోయింది. "నా సేతుల మీంచి ఆలకీ అంటుకున్నాదేటి?"

"అంటి ఉండొచ్చు, చెప్పలేం. డాక్టరుగారిచ్చే మందుతో తగ్గుతుంది. అందాకా వంట ముట్టుకోకు."

రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటే ఓడలో ఎవరికీ తెలిసేది కాదు. అతను అక్కడే నిలబడి ఓడ అధికారికి ఫోను చేశాడు.

"సార్, రోగం దొరికింది. నా నుంచే ఆ ఇద్దరికీ వొచ్చుండొచ్చు, పరీచ్చ సేయించండి. నయమయ్యేదాకా నాను గరిటి ముట్టను."

ఆ ఇద్దరినీ పరీక్షకు పంపుతానన్నాడు అధికారి. తర్వాత, "తగ్గించుకుని రా నూకరాజూ. నీ వంటగది నీదే" అని వినిపించింది. అతను చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నేను ల్యాబు చెత్త వేసే పసుపు సంచిలో ఉన్నాను. సాయంత్రం కాల్చేస్తారు. పక్కనున్న దూది ఉండ బెంగతో ముడుచుకుపోయింది. దానికి నూకరాజు సంగతి చెప్పడం మొదలుపెట్టాను.