సున్నా గీత

గురువారం పొద్దున్న ఏడింటికి పాలకొల్లు ధర్మాసుపత్రి వ్యాను వచ్చి గోదారి రేవులో ఆగుతుంది. ముందు మందుల పెట్టెలు దిగుతాయి. తర్వాత బి.పి. మిషను, ఐసు డబ్బాలో టీకాలు, ఆఖర్న సిస్టరు లోవలక్ష్మి గారి టిఫిన్ క్యారియరు. అన్నీ పడవలోకి చేరాక సరంగు అచ్చిబాబు గోదారికి దణ్ణం పెట్టుకుని ఇంజను స్టార్టు చేస్తాడు. ఇసుక మేటల దగ్గర ఇంజను ఆపి, గెడ వేసి తోస్తాడు. ఎనిమిదిన్నరకి గోదారి మధ్యలో ఉన్న లంక ఊరు చేరతారు.

ధర్మాసుపత్రి అంటే ఒక్కటి కాదు. రాజమండ్రిలో పెద్దది, చుట్టూ ఊళ్లలో నాలుగు చిన్నవి. వాటికి యజమానంటూ ఎవరూ లేరు, ఒక ట్రస్టు నడుపుతుంది. వచ్చిందాంట్లో మిగిలింది తిరిగి ఊళ్లకే వెళ్లాలని మొదట్లోనే పెద్దలు రాసుకున్నారు. అలా ఊళ్లకి తిరిగొచ్చినవాటిలో ఈ పడవొకటి. ఇది రెండువేల రెండో సంవత్సరం మాట. అప్పటికి అది పన్నెండేళ్లుగా తిరుగుతోంది.

పడవ సంగతి కూడా చెప్పాలి. వంద బస్తాల ధాన్యం వేసినా, పెళ్లివారంతా కట్టకట్టుకుని ఎక్కినా అది వెంట్రుకవాసి కూడా కుంగదు. రోగం ఎక్కితే మాత్రం కుంగుద్ది. జలుబుకి అర వేలు, చలిజ్వరానికి రెండు వేళ్లు. బెత్తెడు కుంగిందంటే ఇంకేం అడక్కుండా మనిషిని పెద్దాసుపత్రికి పంపించెయ్యడమే. అందుకని జనం గట్టు మీద కూర్చుంటారు, ఒక్కొక్కరే ఎక్కుతారు. ట్రస్టువాళ్లు అచ్చేయించిన కార్డులో పేరు, వయసు, బరువు, బి.పి. తర్వాత 'వేళ్లు' అని ఒక గడి ఉంటుంది. ఓసారి సిస్టరు ఎక్కగానే పడవ వేలు కుంగితే, ఆవిడే నోరు మూసుకుని తలనొప్పి మాత్ర వేసుకుంది.

కొలిచేది అచ్చిబాబే. పడవ ముక్కు పక్కన తెల్లరంగుతో ఒక గీత గీశాడు. అది సున్నా గీత. రోగి ఎక్కకముందు నీళ్లు ఆ గీతకి తాకుతూ ఉండాలి. ఎక్కాక నీళ్లు గీత దాటి ఎన్ని వేళ్లు పైకొస్తే అంత రోగం. ఏటా దసరాకి పడవకి తారు పూసి, గీత మళ్లీ గీస్తాడు.

ఇక్కడే మన సరంగు గారి దొంగతనం ఉంది. నాలుగేళ్లుగా ఆయనకి ఆయాసం. గెడ నాలుగుసార్లు వేస్తే గుండె దడదడలాడేది, కళ్లు చీకట్లు కమ్మేవి. తను పడవలోనే ఉంటాడు గనక పడవ ఆ మేరకి కుంగే ఉంటుంది. ఏం చేశాడంటారు? పాత గీత మీద తారు కొట్టేసి, ఏటికేడు సున్నా గీతని కాస్త పైకి జరుపుకుంటూ వచ్చాడు. తన రోగాన్ని సున్నా చేసేశాడు. క్యాంపు నడుస్తున్నంతసేపూ పడవ దిగేవాడు కాదు. టీ కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. సరంగన్నవాడు పడవ విడవకూడదండీ, అని పెద్ద నీతి చెప్పేవాడు.

ఊరికే మొండితనం కాదు. ఒకప్పుడు నెల్రోజులు సెలవు పెడితే వేరే మనిషి పడవని తీసుకెళ్లి మేటెక్కించాడు. బాగుచేయించి మళ్లీ దింపేసరికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ లంకకి డాక్టరు లేడు, మందు లేదు. తను మంచమెక్కితే పడవ ఒడ్డెక్కుద్దని అచ్చిబాబుకి అప్పుడే నాటుకుపోయింది. అందుకని చావునైనా దాచిపెడదామనుకున్నాడు, పిచ్చి మనిషి.

ఆ ఏడు వానలప్పుడు డాక్టరు ప్రసన్నలక్ష్మి కొత్తగా వచ్చింది. కడపమ్మాయి. మొదటి నెలంతా ఎవర్ని ఏమడిగినా "ఆయ్" అన్నారని సంబరపడింది. మందులేసుకుంటున్నారా? ఆయ్. ఉప్పు తగ్గించారా? ఆయ్. తీరా ఒక ముసలమ్మ సంచిలో నెల మాత్రలు నెల తిరిగినా అలాగే ఉన్నాయి.

"ఆయ్ అంటే అవునని కాదండి," అంది లోవలక్ష్మి. "మీరు చెప్పింది విన్నాం, మీరంటే మాకు గౌరవం అని. అంతే."

"మరి అవునంటానికి ఏమంటారు?"

"దానికీ ఆయ్ అనే అంటామండి."

ప్రతి గురువారం డాక్టరమ్మ పడవెక్కుతూ "అచ్చిబాబు గారూ, ఒంట్లో బాగుందా?" అనడిగేది. ఆయన కూడా ఆయ్ అనేవాడు.

కార్తీకమాసంలో ఒక గురువారం పెద్దిరాజు వచ్చాడు. కంద, అరటి పండించే రైతు, డెబ్బయ్యేళ్లు. మోకాళ్లు వాచి పడవకి వేసిన బల్ల ఎక్కలేకపోయాడు. కోడలు వీరవేణి పట్టుకున్నా లాభం లేకపోయింది. డాక్టరమ్మ తనే దిగి చూస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

"నా వేళ్లు ఎన్నో తేలాలి కదమ్మా. ఒరే అచ్చీ, ఓ చెయ్యెయ్యరా."

"నేను దిగకూడదు బాబాయ్."

"ఏం, కాళ్లకి పారాణి పెట్టుకున్నావా?"

గట్టు మీదున్న ఆడవాళ్లంతా నవ్వారు. ఇక తప్పలేదు. అచ్చిబాబు బల్ల మీద నడిచి గట్టు మీద కాలు పెట్టాడు.

పడవ లేచింది. మందు సీసాలు గలగలమన్నాయి, బల్ల జారి నీళ్లలో పడింది, డాక్టరమ్మ పెన్ను దొర్లుకుంటూ వెళ్లి సిస్టరు కాళ్ల దగ్గర ఆగింది. సున్నా గీత నీళ్లలోంచి బెత్తెడు పైకి తేలింది. దాని కింద, నీళ్లకి నానిన తారులోంచి పాత గీతలు ఒకటి, రెండు, మూడు, నాలుగు తెల్లతెల్లగా కనిపించాయి. నవ్వులు ఆగిపోయాయి.

"నా మోకాళ్లు తర్వాత," అన్నాడు పెద్దిరాజు మెల్లగా. "ముందు ఈణ్ణి చూడండమ్మా."

డాక్టరమ్మ బల్ల మళ్లీ వేయించి దిగొచ్చింది. గట్టు మీదే కూర్చోబెట్టి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందని, ఆపరేషను చేస్తే బాగవుతుందని, చెయ్యకపోతే ఏడాది కూడా చెప్పలేమని ఉన్నదున్నట్టు చెప్పింది. రాజమండ్రిలో మనవాళ్లే చేస్తారు, ఇవాళే బయల్దేరాలి అంది.

"ఆయ్," అన్నాడు అచ్చిబాబు.

"ఆ ఆయ్ నాకొద్దు. వస్తారా, రారా?"

ఆయన తల దించుకున్నాడు. "నేనొస్తే పడవ ఆగిపోద్దండి. మేటలెక్కడున్నాయో ఇంకెవరికీ తెలీదు."

"నాకు తెలుసు," అంది వీరవేణి.

అందరూ అటు చూశారు. "రోజూ దోనెలో పాలు అవతల రేవుకి వేసొస్తాను కదండీ. మొన్న వరదకి పెద్ద మేట కిందకి జరిగింది. మీరింకా పాత దారినే చుట్టు తిరిగొస్తన్నారు. పన్నెండేళ్లలో మమ్మల్ని ఎప్పుడన్నా అడిగారా?"

అచ్చిబాబుకి సిగ్గేసింది. నాలుగేళ్లు ఊపిరి బిగబట్టి మోసిన బరువు ఒక పాలమనిషి దగ్గర ఇంత తేలికైపోయినందుకు కోపం కూడా వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. గట్టు మీద అందరి ముందూ ఏడ్చేశాడు. పెద్దిరాజు తువ్వాలు తీసి అందించాడు.

మధ్యాహ్నం అచ్చిబాబుని పడవ మధ్యలో పడుకోబెట్టారు. పడవ నిండుగా బెత్తెడు కుంగి ఉంది. వీరవేణి కొంగు బిగించి గెడ అందుకుంది. ఇంజను నడపడం రాదు గనక గెడతోనే తోస్తూ, లోతున్న పాయలు చూసుకుంటూ తీసుకెళ్లింది. అడుగు ఎక్కడా ఇసుకకి తగల్లేదు. అచ్చిబాబు పడుకునే ప్రతి మలుపూ లెక్కపెట్టుకున్నాడు. తనెప్పుడూ వెళ్లని మలుపులు రెండున్నాయి.

ట్రస్టువాళ్లు ఆపరేషను చేయించారు. ఆ నెలలోనే వీరవేణికి ఇంజను నేర్పించి సరంగుగా వేసుకున్నారు. ఒక్క గురువారం కూడా పడవ ఆగలేదు. ఆవిడ ముందుగా చేసిన పని, తారు గీకించి ఆ దొంగ గీతలన్నీ తుడిచేసి, అడుగున ఉన్న మొదటి సున్నా గీతకి మళ్లీ రంగేయడం.

శివరాత్రి వెళ్లిన గురువారం అచ్చిబాబు లంకకి వచ్చాడు, రోగిగా. గట్టు మీద తన వంతు వచ్చేదాకా పెద్దిరాజు పక్కన కూర్చున్నాడు. పిలిచాక బల్ల మీద నడిచి పడవలో కాలు పెట్టి, ముందు తనే వంగి గీత చూసుకున్నాడు. నీళ్లు గీత మీదకి ఒక్క వేలు వచ్చాయి.

డాక్టరమ్మ కార్డు తీసింది. "ఎలా ఉందండీ, బాగుందా?"

అలవాటు మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"కుట్ల దగ్గర లాగుతుందండి. గబగబా నడిస్తే కొంచెం ఆయాసం. పైగా నా పడవ ఇంకోళ్లు తోస్తుంటే గట్టు మీద కూర్చోవడం కష్టంగా ఉందండి."

వీరవేణి అటు తిరిగి నవ్వుకుంది. "ఒళ్లు కూడదీసుకోండి ముందు. మంగళవారాలు కింద లంకలకి కూడా పడవ వేస్తారంట. దానికి మీరే కావాలంటున్నారు."

ఆయన నమ్మలేనట్టు డాక్టరమ్మ వైపు చూశాడు. "నిజవేనాండి?"

ఆవిడ 'వేళ్లు' గడిలో ఒకటి వేసి, తలెత్తి ఆయన్ని చూసింది.

"ఆయ్," అంది కడపమ్మాయి.