అక్క మెదడు చెప్పింది

అక్క పోయిన రోజే ఆమె మెదడును ఒక పరిశోధన కేంద్రానికి ఇస్తానని మా బావ సంతకం పెట్టాడు. చనిపోయిన ఆడవాళ్ల మెదళ్లు తీసుకుని, మానసిక వ్యాధుల మీదా తలదెబ్బల మీదా పరిశోధన చేసే కేంద్రం అది. భర్త ఒప్పుకుంటేనే తీసుకుంటారట. ఈ మహానుభావుడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. అక్కది పుట్టుపిచ్చి అని డాక్టర్ల నోటితో చెప్పించాలని ఆయన పంతం. పిచ్చిపిల్లను అంటగట్టారని పెళ్లయిన దగ్గర్నుంచీ మమ్మల్ని దెప్పుతూనే ఉన్నాడు. అక్క కూతుర్ని నేను పెంచుకుంటానంటే ఆ మాటే అడ్డం పెట్టాడు. మా ఇంటి రక్తమే మంచిది కాదట, పిల్లను పంపడట.

అక్కకు జబ్బు ఉన్నమాట నిజమే. ఎవరివో గొంతులు వినపడేవి. నేను కాదనను. కానీ అది పెళ్లయ్యాక వచ్చింది.

పరీక్షలయ్యాక ఇంటివాళ్లను కూర్చోబెట్టి నోటితో చెప్పడం ఆ కేంద్రం పద్ధతి. చిన్న గది, గుండ్రటి బల్ల, నీళ్ల సీసా. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పెళ్లికి కూడా అంత నీటుగా రాలేదు. ఇంట్లో చూసేవాళ్లు లేరని పిల్లనూ వెంట తెచ్చాడు. అది నా పక్క కుర్చీలో కాళ్లూపుతూ కూర్చుంది.

అక్కకున్న జబ్బు మెదడును కోసి చూస్తే కనబడేది కాదని డాక్టరమ్మ చెప్పింది. బావ మొహం వేలాడేశాడు. కనబడింది వేరే ఉందట. మెదడు ముందువైపూ, రెండు పక్కలా పాత గాయాల మచ్చలు. ఒక్కసారి తగిలినవి కావు, ఏళ్ల తరబడి తగిలినవి. జబ్బుకు అవే కారణమా అని అడిగాను. చెప్పలేమంది. ఆడవాళ్ల విషయంలో తెలియనిదే ఎక్కువని, అందుకే ఈ పని చేస్తున్నామని అంది.

ఆ దెబ్బలు ఎలా తగిలాయని ఆవిడ బావను అడిగింది.

"పిచ్చిది కదండీ, ఎక్కడ పడితే అక్కడ పడిపోయేది," అన్నాడు తడుముకోకుండా.

నేను నోరు తెరిచేలోగా పిల్ల కాళ్లూపడం ఆపింది.

"నేను కూడా పడతాను," అంది. ఎక్కడ పడ్డావని డాక్టరమ్మ అడిగితే, చెవి పైన జుట్టు తప్పించి చూపించింది. అక్కడ వాచి, కమిలి ఉంది. "మెట్ల మీద పడ్డానని చెప్పమన్నాడు నాన్న."

డాక్టరమ్మ లేచి తలుపు తీసి ఎవరినో పిలిచింది. ఇంటికి పదమని బావ పిల్లకేసి చెయ్యి చాపాడు. అలవాటుగా లేవబోయిన పిల్లను నేను ఒళ్లోకి లాక్కున్నాను. ఇక పంపేది లేదని వాడి మొహం మీదే చెప్పాను.

నా ఒళ్లో కూడా అది రెండు చేతులూ తల మీద పెట్టుకునే కూర్చుంది.