మేడల మీద మేక, మూడో భాగం

దేవికి మతి పోతోంది. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని పొద్దుటి నుంచీ మేకను గెంతిస్తూనే ఉంది. ఎడమ ఫోన్లో తను చేసిన ‘మేడల మీద మేక’ ఆట మొదటి భాగం. కుడి ఫోన్లో ఎవరో చేసిన మూడో భాగం. రెండు మేకలకూ గెంతే ఎత్తు ఒకటే, వేగం ఒకటే, బరువూ ఒకటే. అయినా ఆడేవాళ్లు మూడో భాగాన్ని తిట్టిపోస్తున్నారు. ఇది మా మేక కాదంటున్నారు. మరి ఎవరి మేకట?

ఆ ఆట పుట్టింది చిలకలగూడలో, ఈ గదిలోనే. నీళ్ల ట్యాంకు మీంచి పిట్టగోడ మీదికి, అక్కణ్నించి పక్క మేడ మీదికి మేక గెంతుకుంటూ పోవాలి, అంతే. విడుదల చేసిన చిన్న కంపెనీ ఏడాది తిరక్కుండా మూతపడింది. ఇంకో కంపెనీ హక్కులు కొనుక్కుని దేవి చేతే రెండో భాగం చేయించింది. మూడోదానికి ఆమెను పక్కన పెట్టి, ప్రోగ్రామంతా కొత్తగా రాయించుకుంది. కొంప మునిగాక, తప్పెక్కడుందో కనిపెట్టమనడానికి ఇప్పుడు దేవి గుర్తొచ్చింది.

ఆ కంపెనీలో పనిచేసే పృథ్వీ మళ్లీ ఫోన్ చేశాడు.

"ఏమైనా తేలిందా అండీ? సాయంత్రం మీటింగ్‌లో చెప్పలేకపోతే నాలుగో పార్ట్ క్యాన్సిల్. సిరీసే క్లోజ్ చేసేస్తారు."

"చూస్తున్నానండీ" అంది. ఏం చూస్తోందో తనకే తెలియదు. ఏడుపొచ్చేలా ఉంది.

వంటింట్లోంచి మామ్మ అప్పలకొండమ్మ వచ్చింది. "ఏటే, మొకం అలాగెట్టావు? ఇలా తే, నానాడతాను."

మొదటి భాగం చేసేటప్పుడు రోజూ ఆడి చూసింది మామ్మే. చేతులు వణుకుతున్నా వదిలేది కాదు. తన మేక ఎప్పుడూ పడదని సీతాఫల్‌మండి చుట్టాల దాకా చెప్పుకునేది.

పాత మేక మామ్మ చేతిలో ఆగకుండా మేడలు దాటేసింది. కొత్తది మొదటి పిట్టగోడ దగ్గరే పడింది. మళ్లీ పడింది.

"దీనికి కళ్లు కనబడవేటే?"

మామ్మ మళ్లీ రెండింట్లోనూ ఆడుతుంటే దేవి ఈసారి మేకను కాదు, ఆమె వేలిని చూసింది. ప్రతిసారీ మేక అంచు దాటిపోయాకే వేలు దిగుతోంది. అయినా పాత మేక గెంతుతోంది! అప్పుడు గుర్తొచ్చింది. గెంతులో ఎంత వెతికితే మాత్రం ఏం దొరుకుతుంది, తను మార్చింది వేలు తాకడాన్ని కనిపెట్టే చోట కదా! పృథ్వీకి గబగబా ఫోన్ చేసింది.

"దొరికిందండీ! మా మామ్మ ఆలస్యంగా నొక్కుతుందని, అంచు దాటాక నొక్కినా ఒక్క క్షణం దాకా చెల్లేలా పెట్టాను. దొంగసాయం అనుకోండి. ఎవరికీ చెప్పలేదు, నేనే మర్చిపోయాను. కొత్తగా రాసినదాంట్లో అది లేదు."

"అంతేనా! అయితే నాలుగోది మీరే చేస్తున్నారండీ."

సంబరంగా వెనక్కి తిరిగింది. మామ్మ పాత మేక ఉన్న ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అయితే నాను బాగా ఆడీదాన్ని కాదేటే?"

దేవి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "ఆ సాయం అందరికీ ఉంది మామ్మా. అందరూ అలాగే ఆడారు."

మామ్మ ఒళ్లోని ఫోన్ పక్కన పెట్టింది. కొత్త మేక ఉన్న ఫోన్ అందుకుంది.

"ఇది నాకోసం ఆగదు కదా?"

"ఆగదు."

"అయితే దీన్లోనే ఆడతాను."

మేక పడింది. మామ్మ మళ్లీ మొదలుపెట్టింది.